సిటీ బస్సు బాగుపడాలంటే: హైదరాబాద్ ప్రయాణికులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఆర్టీసీ ఉద్యోగిని కాను, ట్రాఫిక్ నిపుణుణ్ణీ కాను. ఈసీఐఎల్ వైపు ఇల్లు, ఊరికి ఆ చివర ఆఫీసు. పదిహేనేళ్లుగా సిటీ బస్సే నా బండి. బస్సు గురించి ఎక్కడ మాట వచ్చినా దూరిపోతానని తెలిసి అపార్ట్‌మెంట్‌లో వాళ్లు, ఆఫీసులో వాళ్లు, స్టాపులో పక్కన నిలబడ్డవాళ్లు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. ఎక్కువసార్లు విన్న ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇక్కడ రాస్తున్నాను. నా వాదన ముందే చెప్పేస్తాను. ఈ ఊళ్లో జనం బస్సు వదిలేసింది అందులో ఏసీ లేదని కాదు, సీటు మెత్తగా లేదనీ కాదు. ఎప్పుడొస్తుందో తెలియక వదిలేశారు.

హైదరాబాద్‌కు ఎన్ని బస్సులు కావాలి? ఇప్పుడు ఎన్ని ఉన్నాయి?

అద్దె బస్సులతో కలిపి గ్రేటర్ హైదరాబాద్‌లో తిరిగేవి సుమారు మూడు వేలు. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణాల ప్రకారం బస్సు సేవ మొదటి తరగతిలో ఉందనాలంటే వెయ్యి మందికి 0.6 చొప్పున, అంటే లక్ష మందికి 60 బస్సులు ఉండాలి. 2011 జనాభా లెక్కల్లోనే జీహెచ్‌ఎంసీ పరిధిలో 67 లక్షల మంది పైనే తేలారు. ఇప్పుడు కోటి అని తక్కువలో తక్కువ వేసుకున్నా ఆరు వేల బస్సులు కావాలి. ఉన్నవి అందులో సగం. బెంగళూరులో సిటీ బస్సులు నడిపే బీఎంటీసీకి ఆరు వేలకు పైగా ఉన్నాయి, అయినా అక్కడివాళ్లు చాలట్లేదనే అంటారు.

అవే ప్రమాణాల్లో ఇంకో కొలత ఉంది. ప్రయాణికుడు స్టాపులో సగటున నాలుగు నిమిషాల్లోపే ఎదురుచూస్తే మొదటి తరగతి, పది నిమిషాలు దాటితే అట్టడుగు తరగతి. ఈ మాట మా స్టాపులో చెబితే ఒక పెద్దాయన చాలాసేపు నవ్వాడు.

ఒకప్పుడు ఇంకా ఎక్కువ బస్సులు ఉండేవంటారు, నిజమేనా?

నిజమే. 2019 అక్టోబర్ 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిచింది. అది ముగిశాక నష్టాలు తగ్గించుకోవాలని నగరంలో దాదాపు వెయ్యి బస్సులు తగ్గించారు. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే 2020 మార్చిలో కరోనా వచ్చిపడింది. ఆ రెండేళ్లలో సెకండ్ హ్యాండ్ స్కూటీ కొనుక్కున్నవాళ్లు మా బిల్డింగ్‌లోనే నలుగురున్నారు. కాగితం మీద బస్సు తీసేస్తే ఒక బస్సు తగ్గినట్టే కనిపిస్తుంది గానీ, దానికి అలవాటుపడ్డ మనుషులు ఒకసారి బండి కొన్నాక ఇక వెనక్కి రారు. ఈఎంఐ కడుతున్నవాడు బండిని ఇంట్లో పెట్టి బస్సెక్కడు కదా.

అరగంట ఒక్కటీ రాదు, వస్తే మూడు ఒకేసారి వస్తాయి. ఎందుకు?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. డ్రైవర్లు కావాలనే కలిసి తిరుగుతారని చాలామంది అనుకుంటారు. అది అపోహ.

మూడు బస్సులు పది నిమిషాల తేడాతో బయల్దేరాయనుకోండి. మొదటిది ఎక్కడో సిగ్నల్ దగ్గర ఐదు నిమిషాలు ఇరుక్కుంది. ఆ ఐదు నిమిషాల్లో ముందున్న స్టాపుల్లో జనం పెరిగారు. వాళ్లంతా ఎక్కేసరికి ఇంకో రెండు నిమిషాలు పోయాయి. తర్వాతి స్టాపులో ఇంకా ఎక్కువమంది, ఇంకాస్త ఆలస్యం. రెండో బస్సుకేమో ఎక్కేవాళ్లు లేరు, వాళ్లంతా మొదటి బస్సులోనే వేలాడుతున్నారు. అందుకే అది ఖాళీగా, చకచకా వచ్చి ముందు బస్సును అందుకుంటుంది. మూడోదీ అంతే. మీరు స్టాపులో చూసే ‘ఒకటి కిక్కిరిసి, వెనకాల రెండు ఖాళీగా’ అనే దృశ్యం అలా తయారవుతుంది.

దీనివల్ల పోయేది చిన్నదేం కాదు. పది నిమిషాలకొకటి సరిగ్గా వస్తే సగటు ఎదురుచూపు ఐదు నిమిషాలు. అవే బస్సులు అరగంటకోసారి మూడు కలిసి వస్తే పదిహేను. డీజిల్ అంతే ఖర్చయింది, జీతాలు అవే, ప్రయాణికుడి టైమ్ మాత్రం మూడింతలు పోయింది.

మందు లేకపోలేదు. మొదటిది, రూటు పొడవు తగ్గించడం. పటాన్‌చెరు నుంచి కోఠి దాకా నడిచే 218 లాంటి బస్సు ఊరు ఊరంతా దాటుకుంటూ వస్తుంది. బీహెచ్ఈఎల్ దగ్గర జరిగిన ఆలస్యానికి లక్డీకాపూల్‌లో నిలబడ్డవాడు శిక్ష అనుభవిస్తాడు. రద్దీ వేళల్లో కొన్ని ట్రిప్పులను సగం దూరంలోనే తిప్పి పంపితే ఖాళీ పూడుతుంది. రెండోది, మధ్యలో రెండు మూడు చోట్ల కంట్రోలర్ నిలబడి వెనక బస్సును మూడు నాలుగు నిమిషాలు ఆపడం. అప్పటికే లోపల కూర్చున్నవాళ్లు విసుక్కుంటారు, నిజమే. కానీ ముందు స్టాపుల్లో నిలబడ్డ వందమందికి అది మేలు. ఇప్పుడు బస్సుల్లో జీపీఎస్ ఉంది కాబట్టి ఏది ఎక్కడుందో కనిపిస్తూనే ఉంటుంది. చూసి చెప్పేవాళ్లు, చెప్పింది వినేవాళ్లు కావాలి.

గమ్యం యాప్ ఉంది కదా, బస్సు ఎక్కడుందో అందులో తెలియదా?

2023లో వచ్చిన ఆ యాప్ మంచి ఆలోచనే. వాడండి. కానీ ఫోన్ చూసి బస్సెక్కే కుర్రాళ్ల కంటే, బస్సు ముందు బోర్డు చూసి ఎక్కే ఆడవాళ్లు, కూలీలు, పెద్దవాళ్లు ఈ ఊళ్లో ఎక్కువ. వాళ్ల కోసం స్టాపులో ఒక రేకు బోర్డు చాలు. ఇక్కడ ఆగే బస్సుల నంబర్లు, ఎటు వెళ్తాయి, ఎన్ని నిమిషాలకొకటి, చివరి బస్సు ఎన్నింటికి అని పెద్ద అక్షరాలతో తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో రాసి పెడితే సరిపోతుంది. చాలా స్టాపుల్లో సినిమా పోస్టర్ ఉంటుంది గానీ ఇది ఉండదు.

బస్సులకు వేరే లేన్ వేస్తే సరిపోతుందా? ఇక్కడ రోడ్లే ఇరుకు కదా?

రోడ్డు ఇరుకు కాబట్టే లేన్ కావాలి అంటాను నేను. వెడల్పు రోడ్డు మీద అందరూ ఎలాగో పోతారు. ఇరుకు రోడ్డు మీదే ఎవరికి ముందు దారి ఇవ్వాలన్న ప్రశ్న వస్తుంది. కారులో ఒకరో ఇద్దరో, బస్సులో అరవై డెబ్బై మంది. ఇద్దరూ ఒకే సిగ్నల్ దగ్గర ఒకే లెక్కన ఆగుతున్నారు.

అయితే ఇది రంగు పూసినంత సులువు కాదు. ఢిల్లీలో 2008లో మొదలుపెట్టిన బస్సు కారిడార్‌ను కార్లవాళ్ల గొడవ పడలేక 2016లో తీసేశారు. అహ్మదాబాద్‌లో 2009లో వచ్చిన అలాంటి బస్సు మార్గం, జన్‌మార్గ్, నిలబడింది. మన పక్కనే విశాఖలో పెందుర్తి వైపు, సింహాచలం వైపు బస్సులకు ప్రత్యేక దారి ఉండే బీఆర్‌టీఎస్ రోడ్లు వేశారు. బెంగళూరులో 2019లో సిల్క్ బోర్డు నుంచి టిన్ ఫ్యాక్టరీ దాకా బస్సులకు ప్రత్యేక లేన్ పెట్టారు. హైదరాబాద్‌లో కేపీహెచ్‌బీ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు ఎత్తు మీద బస్సు మార్గం కడతామన్న ప్రతిపాదన కాగితాల మీదే ఉండిపోయింది.

ఎత్తు మీద కట్టక్కర్లేదని నా అభిప్రాయం. వేల కోట్లు, పదేళ్లు, మళ్లీ పిల్లర్లు. దానికంటే మెహదీపట్నం నుంచి గచ్చిబౌలి వైపు, ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ వైపు, ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 5 నుంచి 9 మాత్రమే ఎడమవైపు లేన్‌ను బస్సులకు వదిలేసి చూడండి. మొత్తం రోడ్డు పొడవునా కుదరకపోతే సిగ్నల్‌కు ముందు ఓ వంద మీటర్లు చాలు, బస్సు పక్కనుంచి ముందుకొచ్చి మొదట దాటిపోయేలా. ఆ ఎడమ లేన్‌లో ఇప్పుడు ఏముందంటే, ఆపిన కార్లు, టిఫిన్ బండి, సవారీ కోసం చూసే ఆటోలు, ఇరానీ హోటల్ ముందు మూడు వరసల బైకులు. 2022 అక్టోబర్‌లో నగర పోలీసులు ఆపరేషన్ రోప్ పేరుతో ఇలాంటి అడ్డాలు తీయించడం మొదలుపెట్టినప్పుడు స్టాప్‌లైన్లూ ఫ్రీ లెఫ్టులూ కాస్త తెరిపినపడ్డాయి. అది ప్రత్యేక డ్రైవ్‌గా కాకుండా రోజువారీ పనిగా జరిగితే సగం లేన్ వచ్చినట్టే.

మెట్రో ఉండగా బస్సుల మీద ఇంత చర్చ ఎందుకు?

మెట్రో 2017 నవంబర్‌లో మొదలైంది, 2020 ఫిబ్రవరిలో జేబీఎస్-ఎంజీబీఎస్ మార్గంతో 69 కిలోమీటర్లు పూర్తయింది. బాగుంటుంది, నేనూ ఎక్కుతాను. కానీ రోజుకు అందులో తిరిగేది నాలుగైదు లక్షల మంది, సిటీ బస్సుల్లో ఇరవై లక్షల పైనే. ఈసీఐఎల్‌కు మెట్రో లేదు. మేడ్చల్, ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, బాచుపల్లి, ఎక్కడా లేదు. పట్టాలు పడ్డ మూడు గీతల పక్కన ఉన్నవాళ్లకే అది పనికొస్తుంది.

ఆ గీతల పక్కన ఉన్నా సరే, స్టేషన్ నుంచి ఇంటికి ఎలా పోవాలి? అసలు చిక్కు ఇదే. రాయదుర్గంలో దిగినవాడు అక్కడి నుంచి ఆఫీసుకు ఆటోకో బైక్ ట్యాక్సీకో మెట్రో టికెట్ అంత పెట్టాల్సి వస్తే, మరుసటి నెల బండి కొనేస్తాడు. స్టేషన్ చుట్టూ రెండు మూడు కిలోమీటర్లు గుండ్రంగా తిరిగే చిన్న బస్సులు, ఏడెనిమిది నిమిషాలకొకటి, అంతే. ఇరవై నిమిషాలకొకటి అయితే వేయకపోయినా ఒకటే. రైలు దిగినవాడు ఇరవై నిమిషాలు నిలబడడు, నడిచిపోతాడు.

ఇక 2003 ఆగస్టులో వచ్చిన ఎంఎంటీఎస్. చవకైన రైలు, రాక మాత్రం దైవాధీనం. దాని స్టేషన్లు చాలావరకు బస్సు రోడ్డుకు దూరంగా, వెనక సందుల్లో దాక్కుంటాయి.

ఆడవాళ్లకు ఉచితం ఇచ్చాకే బస్సులు పాడయ్యాయి అంటారు. మీరేమంటారు?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లే. అందులో చాలామంది బస్సెక్కి కొన్నేళ్లయినవాళ్లు. నాకు కోపం వచ్చే ప్రశ్న కాబట్టి జాగ్రత్తగా చెబుతాను.

మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది. తెలంగాణ చిరునామాతో గుర్తింపు కార్డు చూపిస్తే ఆడపిల్లలు, మహిళలు, ట్రాన్స్‌జెండర్లు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్‌తో వెళ్లొచ్చు. మెట్రో డీలక్స్‌లో కుదరదు, అక్కడ టికెట్ కొనాల్సిందే. 2025 జులై నాటికి రాష్ట్రమంతా కలిపి ఇలాంటి ప్రయాణాలు 200 కోట్లు దాటాయి. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో ఇదే మొదలైంది.

రద్దీ పెరిగిందా అంటే పెరిగింది. ఎందుకు పెరిగింది? అంతకుముందు వీళ్లంతా ఎక్కడున్నారు? మా వీధిలో రెండిళ్లలో పనిచేసే ఆమె ఇదివరకు మూడు కిలోమీటర్లు నడిచి వచ్చేది. ఇప్పుడు బస్సెక్కి అల్వాల్ వైపు ఇంకో ఇల్లు కూడా పట్టుకుంది. మాదన్నపేట మార్కెట్ నుంచి కూరగాయలు తెచ్చి అమ్మేవాళ్లు, నారాయణగూడలో ఇంటర్ చదివే పిల్లలు, పెద్దాసుపత్రికి పోయే ముసలమ్మలు, వీళ్లంతా ఎప్పుడూ ఉన్నారు. డబ్బుల్లేక కదల్లేదు, అంతే. బస్సు అవసరం ఎంతుందో ఈ పథకం బయటపెట్టింది. తప్పంతా జనాన్ని పిలిచి బస్సులు పెంచకపోవడంలో ఉంది. భోజనానికి పిలిచి బియ్యం తక్కువ వేసి, వచ్చినవాళ్లను తిడితే ఎలా?

అయితే మగవాళ్ల బాధ అబద్ధమని అనను. టికెట్ కొని, వెనక డోరు దగ్గర ఒంటికాలి మీద గంట ప్రయాణం చేసే మెస్త్రీకి బస్సు మీద ప్రేమ పుట్టదు. రద్దీ రూట్లలో ట్రిప్పులు పెంచకుండా ఆయన్ని సర్దుకోమనడం అన్యాయం. ఇంకో సంగతి, కండక్టర్లు. చేతిలో టికెట్లిచ్చే టిమ్ మిషన్, ఎదురుగా ఆధార్ కార్డు వెతుక్కుంటున్న పదిమంది, ఈలోపు రెండు స్టేజీలు దాటిపోతాయి. ఒక కార్డు తాకిస్తే టికెట్ వచ్చే ఏర్పాటు చేస్తే అందరికంటే ముందు సంతోషించేది కండక్టరే.

ఎలక్ట్రిక్ బస్సులు వస్తే సమస్య తీరుతుందా?

పొగ సమస్య కొంత తీరుతుంది. ఎదురుచూపు సమస్య తీరుతుందా అనేది ఒక్క లెక్క మీద ఆధారపడి ఉంది. 2025లో కేంద్రం ఎలక్ట్రిక్ వాహనాల పథకం పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. ఇవి ఉన్నవాటికి అదనంగా వస్తే పండగే. పాత డీజిల్ బస్సు ఒకటి తీసి ఒక ఎలక్ట్రిక్ బస్సు పెడితే మాత్రం స్టాపులో నిలబడ్డవాడికి ఏ తేడా ఉండదు. డీజిల్ బస్సులను నగరం నుంచి తప్పించాలన్నదే ప్రకటించిన ఆలోచన కాబట్టి, ఎవరైనా నాయకుడు కొత్త బస్సులకు పచ్చజెండా ఊపినప్పుడు అడగాల్సింది ఎన్ని వచ్చాయని కాదు, తీసినవి పోగా ఎన్ని మిగిలాయని.

ఇందులో చాలావరకు ప్రైవేటు కంపెనీ బస్సునూ డ్రైవర్‌నూ ఇస్తుంది, ఆర్టీసీ కండక్టర్‌ను పెట్టి కిలోమీటర్‌కు ఇంత అని చెల్లిస్తుంది. డిపోల్లో హైటెన్షన్ లైన్లు, చార్జర్లు కావాలి. వాటికి నెలలు పడుతుంది. బస్సులు వచ్చి చార్జర్లు రాకపోతే షెడ్డులోనే కూర్చుంటాయి.

డబుల్ డెక్కర్లు మళ్లీ వస్తాయా?

నిజాం కాలం నుంచి తిరిగి, 2000ల మొదట్లో పోయాయి. 2023 ఫిబ్రవరిలో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ కొన్ని ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు తెచ్చింది. ట్యాంక్‌బండ్ వైపు పిల్లలతో చూడటానికి బాగుంటాయి. ఆఫీసుకు పోయేవాడికి ఫ్లైఓవర్లు, వేలాడే కేబుల్ వైర్లు, మెట్రో పిల్లర్ల మధ్య వాటితో పెద్ద ప్రయోజనం లేదు. ఇది రాస్తుంటే మా నాన్న పక్కనుంచి ‘పైన ముందు సీట్లో కూర్చుంటే తెలుస్తుంది’ అంటున్నాడు. సరే నాన్నా.

టికెట్ ధర పెరిగింది. ఇంకా బస్సెక్కడం లాభమేనా?

2025 జూన్‌లో పాసుల ధర పెంచారు. అదే ఏడాది అక్టోబర్ నుంచి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు పెరిగాయి. దూరం వెళ్లేవాళ్లకు కారుతో పోలిస్తే ఇప్పటికీ ఎంతో చవక. దగ్గర ప్రయాణాల దగ్గరే దెబ్బ. రెండు స్టేజీలకు పెరిగిన ఐదు రూపాయలు షేర్ ఆటోవాడికి పంపిన శుభలేఖ. అలా దగ్గర ప్రయాణికులు పోతే బస్సు మధ్య స్టాపుల్లో ఖాళీ అవుతుంది. తర్వాత ‘ఆదాయం లేదు’ అని ట్రిప్పు తీసేస్తారు.

పెట్రోలు లీటరు వంద దాటినా బైక్ యాభై కిలోమీటర్లిస్తే కిలోమీటర్‌కు రెండు రూపాయల పైచిలుకు. ఒంటరి మగవాడికి బైక్‌కూ బస్సుకూ ఖర్చు దాదాపు సమానమే. అందుకే ధర చూపించి అతన్ని బస్సెక్కించలేరు, టైమ్ చూపించాలి.

బస్సు, మెట్రో, ఎంఎంటీఎస్ మూడింటికీ ఒకే టికెట్ రాదా?

రావాలి. ఈ మాట చాలా ఏళ్లుగా నడుస్తోంది. రవాణా సంస్థలన్నీ కలిసి పనిచేయాలనే 2008లో చట్టం చేసి ఉమ్మడి మెట్రోపాలిటన్ రవాణా సంస్థ, హుమ్టా, ఏర్పాటు చేశారు. పేరుంది. కానీ ఆర్టీసీ ఒక శాఖ కింద, మెట్రో ఇంకో శాఖ కింద, రైలు కేంద్రం చేతిలో, రోడ్డు కార్పొరేషన్‌ది, సిగ్నల్ పోలీసులది. ఐదుగురన్నదమ్ముల ఉమ్మడి పొలం లాంటిది, గట్టు ఎవరూ వేయరు. వాళ్లు తేల్చుకునే దాకా చిల్లర గొడవ తప్పించుకోవాలంటే చాలా బస్సుల్లో ఇప్పుడు యూపీఐ తీసుకుంటున్నారు, అడగండి. లేదంటే పాత పద్ధతే, కండక్టర్ టికెట్ వెనక బాకీ రాస్తాడు, దిగేటప్పుడు మీరు మర్చిపోతారు.

డ్రైవర్లు స్టాపులో ఆపకుండా ముందుకో వెనక్కో ఆపుతారెందుకు?

స్టాపులో చోటుంటే ఆపుతారు. షెల్టర్ ముందు ఆటోలుంటాయి, ఎండకు షెల్టర్ వదిలి చెట్టు కింద నిలబడ్డ జనం ఉంటారు. బస్సు రోడ్డు మధ్యలో ఆగుతుంది, వెనక హారన్లు మోగుతాయి, ఓ అమ్మాయి రెండు బైకుల మధ్య నుంచి పరుగెత్తి ఎక్కుతుంది.

డ్రైవర్ వైపు నుంచీ చూడాలి. ట్రిప్పు టైమ్ ఎప్పుడో ట్రాఫిక్ తక్కువున్న రోజుల లెక్కతో వేస్తే, గంటన్నరలో పూర్తికావాల్సింది రెండు గంటలు పడుతుంది. పోయింది ఎవరి టైమ్? ఆయన చాయ్ తాగే టైమ్, బాత్రూమ్‌కు వెళ్లే టైమ్. మహిళా కండక్టర్లకు ఇంకా కష్టం. చివరి స్టాపులో శుభ్రమైన మరుగుదొడ్డి ఉండటం కూడా బస్సు సేవలో భాగమేనని నేను మొండిగా వాదిస్తాను.

స్టాపు దాకా నడవడమే కష్టం. దానికి ఆర్టీసీ ఏం చేస్తుంది?

ఏమీ చేయలేదు, ఆ పని కార్పొరేషన్‌ది. బస్సు ప్రయాణం ఇంటి గేటు దగ్గరే మొదలవుతుంది. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, నర్సరీ మొక్కలు, మూత లేని మ్యాన్‌హోల్. వానాకాలం సంగతి చెప్పనే అక్కర్లేదు. 2018లో నగరంలో ఏసీ బస్టాపులు కట్టి పేపర్లలో ఫొటోలు వేయించుకున్నారు. ఆ ఖర్చుతో పది మామూలు స్టాపులకు నీడ, బెంచీ, లైటు పెట్టొచ్చు. ముఖ్యంగా లైటు. సాయంత్రం ఏడున్నరకు చీకటి స్టాపులో ఒంటరిగా నిలబడాల్సి వస్తే ఏ ఆడపిల్ల తండ్రి అయినా స్కూటీయే కొనిస్తాడు. రోడ్డు దాటడం మాట కూడా ఇంతే. వెళ్లేటప్పుడు స్టాపు ఇటువైపు ఉంటే వచ్చేటప్పుడు అటువైపే దిగాలి. మధ్యలో డివైడర్ మీద గ్రిల్.

పాతబస్తీ సందుల్లోకి, కొత్త కాలనీల్లోకి పెద్ద బస్సు ఎలా వస్తుంది?

రాదు, రానక్కర్లేదు. సెట్విన్ చిన్న బస్సులు పాతబస్తీ పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఇరుకు రోడ్లలో చకచకా తిరిగేవి. నిజాంపేట, బోడుప్పల్, బండ్లగూడ జాగీర్ లాంటి చోట్ల ముప్పై అడుగుల రోడ్ల మీద వందల అపార్ట్‌మెంట్లు లేచాయి. అక్కడికి పన్నెండు మీటర్ల బస్సు తిప్పితే ఒక్క పెళ్లి ఊరేగింపుకే ఆగిపోతుంది. ఏడు, తొమ్మిది మీటర్ల బస్సులు కావాలి.

ఆర్టీసీ ఇప్పటికే నష్టాల్లో ఉంది. ఇవన్నీ ఎవరి డబ్బుతో?

దుర్గం చెరువు మీద తీగల వంతెన 2020లో 184 కోట్లతో కట్టారు. దాని మీద లాభమెంత వచ్చిందని ఎవరైనా అడిగారా? రోడ్డు వేస్తే అభివృద్ధి, బస్సు వేస్తే నష్టం. ఈ లెక్క నాకెప్పుడూ అర్థం కాలేదు. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో ఈ సంస్థను మొదలుపెట్టినప్పుడు రైల్వేతో కలిపి ఒక ప్రజావసరంగానే చూసింది. ఆర్టీసీ బస్సుల నంబర్లలో ఇప్పటికీ కనిపించే ‘జడ్’ అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెబుతారు.

ఖాళీగా తిరిగే ట్రిప్పులు లేవని కాదు. మధ్యాహ్నం రెండింటికి ఖాళీగా పోయే బస్సును చూపించి సంస్థను తిట్టడం సులువు. కానీ ఆ మధ్యాహ్నపు బస్సు లేకపోతే, మొదటి షిఫ్టుకు పోయి మధ్యాహ్నం ఇంటికి రావాల్సిన నర్సు ఉదయం బస్సు కూడా ఎక్కదు.

రాత్రి బస్సులు?

విమానాశ్రయానికి పుష్పక్ బస్సులు రాత్రంతా ఉంటాయి. ఊళ్లోవాళ్లకు రాత్రి పది దాటాక బస్సు అరుదైపోతుంది, పదకొండింటికి మెట్రోలో చివరి రైలూ బయల్దేరిపోతుంది. హోటళ్లు, ఆసుపత్రులు, మాల్స్‌లో పనిచేసేవాళ్లు అప్పుడే డ్యూటీ దిగుతారు. సికింద్రాబాద్, కోఠి, మెహదీపట్నం, ఉప్పల్, కూకట్‌పల్లి కలుపుతూ రాత్రంతా గంటకొకటైనా, కచ్చితమైన టైమ్‌కు తిరిగితే చాలు.

మా కాలనీకి బస్సు కావాలి. ఎవర్ని అడగాలి?

మీ ప్రాంతంలో తిరిగే బస్సులు ఏ డిపోవో ముందు చూసుకోండి, డిపో పేరు బస్సు మీదే రాసి ఉంటుంది. డిపో మేనేజర్‌కు అర్జీ ఇవ్వండి. ‘బస్సు కావాలి’ అని రాస్తే పక్కన పడేస్తారు. ఎన్ని ఇళ్లున్నాయి, ఉదయం ఎన్నింటికి ఎంతమంది ఎటు పోతారు, ఎక్కడ తిప్పుకోవడానికి చోటుంది, ఏ రోడ్డు మీద కరెంటు తీగలు కిందికి ఉన్నాయి, ఇవన్నీ రాయండి. మా పక్క కాలనీవాళ్లు రెండు ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగి ఇలాంటి లెక్క తీశారు. బస్సు తిరిగే చోట అడ్డంగా ఉన్న ఇసుక కుప్పను వాళ్లే తీయించారు. ఉదయం రెండు ట్రిప్పులు, సాయంత్రం రెండు వచ్చాయి.

బస్సు వచ్చాక మొదటి రెండు నెలలు ఎక్కడం మాత్రం మర్చిపోకండి. డిపోలో ఆక్యుపెన్సీ, అంటే సీట్లు ఎన్ని నిండాయో, చూస్తారు. మొదటి రోజు కొబ్బరికాయ కొట్టి, సెల్ఫీలు దిగి, రెండో రోజు నుంచి ఎవరి బండి మీద వాళ్లు పోతే మూడో నెలలో ఆ బస్సు ఇంకో కాలనీకి వెళ్లిపోతుంది. మా పక్క కాలనీవాళ్లు ఆ ఆలోచనతోనే ఉదయం 8.10 బస్సుకు వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. ‘బయల్దేరింది, గుడి దగ్గరుంది’ అని ఎక్కినవాళ్లు మెసేజ్ పెడతారు, ఇంట్లో ఉన్నవాళ్లు చెప్పులేసుకుంటారు.